వేలాడే ఫిలోడెండ్రాన్ పైన బోడిగా, కింద పచ్చగా ఉంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. హాల్లో పైకప్పు కొక్కేనికి హృదయాకారపు ఆకుల ఫిలోడెండ్రాన్ వేలాడదీశారు. కొన్న రోజు కుండీ నిండా ఆకులే. ఇప్పుడు తీగలు నాలుగైదు అడుగులు సాగాయి కానీ కుండీ దగ్గర ఒట్టి కాడలే మిగిలాయి. ఉన్న ఆకులు కూడా వారానికి రెండు మూడు చొప్పున పసుపుబారి రాలుతున్నాయి. రోజూ ఒక గ్లాసు నీళ్లు పోస్తున్నారు. కాఫీపొడి, బియ్యం కడిగిన నీళ్లు కూడా వేసి చూశారు. ఇంట్లో పాకే వయసు బాబు ఉన్నాడు. మొక్క పోయినట్టేనా, పారేసి కొత్తది తెచ్చుకోవాలా అని అడిగారు.

పారేయకండి. తీగ చివర్లు పచ్చగా ఉన్నాయంటే మొక్కలో జీవం బాగానే ఉంది. చేయాల్సినవి మూడు పనులు. కుండీని కిందికి దించి, కిటికీ వెలుతురు కుండీ మట్టి మీద పడేలా పెట్టండి. రోజూ నీళ్లు పోయడం ఆపేయండి. పొడవైన తీగలను కత్తిరించి, ఆ ముక్కలను అదే కుండీలో నాటండి. వానాకాలంలో చేస్తే రెండు మూడు నెలల్లో కుండీ మళ్లీ నిండుతుంది. ఎరువుతో గానీ, వంటింటి చిట్కాలతో గానీ ఈ సమస్య తీరదు.

ఇక కారణాలు. ముందు వెలుతురు సంగతి, ఎందుకంటే మీ మొక్క బోడి కావడానికి అసలు కారణం అదే.

ఈ మొక్క కొనేటప్పుడు అందరూ వినే మాట "నీడలో పెరుగుతుందండీ, ఎండ అక్కర్లేదు" అని. నర్సరీవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నేరుగా తగిలే ఎండ దీనికి అక్కర్లేదు, మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకులు మాడతాయి కూడా. కానీ ఎండ వద్దంటే వెలుతురు కూడా వద్దని మనం అర్థం చేసుకుంటాం. అక్కడ చిక్కు వస్తుంది.

మన ఇళ్లలో కిటికీ పైఅంచు సాధారణంగా నేల నుంచి ఏడు అడుగుల ఎత్తులో ఉంటుంది. పైకప్పు తొమ్మిదిన్నర, పది అడుగులు. కొక్కేనికి పొట్టి గొలుసుతో తగిలిస్తే కుండీ అంచు ఎనిమిది అడుగుల దగ్గర ఆగుతుంది. అంటే కిటికీ కన్నా పైకి పోయింది. గట్టి స్టూలు ఎక్కి, కుండీలో మట్టి ఉన్న ఎత్తుకు మీ కళ్లు తెచ్చి కిటికీ వైపు చూడండి. అక్కడి నుంచి ఆకాశం కనిపించకపోతే ఆ చోటు ఈ మొక్కకు చీకటే, మన కంటికి హాలంతా ఎంత వెలుగుగా అనిపించినా సరే. మన కన్ను తక్కువ వెలుతురుకు సర్దుకుంటుంది. ఆకు సర్దుకోలేదు.

ఇప్పుడు మీ మొక్క ఆకారం చూడండి. కుండీ దగ్గర బోడి, కిటికీ ఎత్తుకు దిగిన తీగ మీద ఆకులు. వెలుతురు ఎక్కడ అందిందో అక్కడే ఆకులు నిలిచాయి. చీకట్లో ఉన్న పాత ఆకు మొక్కకు తిండి తయారుచేయలేదు. అలాంటి ఆకులోని నత్రజనిని మొక్క వెనక్కి లాక్కుని కొత్త చిగురుకు పంపుతుంది. పాత ఆకు పసుపుబారి రాలిపోతుంది. దీన్ని జబ్బనుకుని మందు చల్లేవాళ్లున్నారు. మొక్క తనకున్నదాన్ని పొదుపుగా వాడుకుంటోంది, అంతే.

తీగ అంత పొడవు సాగడానికీ కారణం ఉంది. దీని పుట్టిల్లు మెక్సికో నుంచి కరీబియన్ దీవుల మీదుగా బ్రెజిల్ దాకా ఉన్న వర్షారణ్యాలు. అక్కడ ఇది చెట్ల బోదెలను పట్టుకుని పైకి పాకుతుంది. పట్టు దొరికిన తీగకు కణుపులు దగ్గరదగ్గరగా వస్తాయి, పైకి పోయేకొద్దీ ఆకులు పెద్దవవుతాయి. పట్టు దొరకని తీగ చెట్టును వెతుక్కుంటూ సాగుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, ఆకులు చిన్నవవుతాయి. వేలాడే కుండీలో మనం పెంచేది ఈ రెండో రకం తీగనే. కాబట్టి వేలాడే ఫిలోడెండ్రాన్ దానంతటదే గుబురుగా ఉండదు. ఇంటర్నెట్‌లో కనిపించే నిండు కుండీల్లో ఒక్కో దాంట్లో పది, పదిహేను ముక్కలు కలిపి నాటి ఉంటాయి. వాటిని పెంచేవాళ్లు క్రమం తప్పకుండా కత్తెర వేస్తారు. మీరు కొన్న కుండీ మొదట్లో నిండుగా కనిపించిందీ అందుకే.

మరి ఎక్కడ పెట్టాలి? తూర్పు కిటికీ ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు. కిటికీకి రెండు మూడు అడుగుల లోపు, పొద్దున తొమ్మిది లోపు ఎండ కాస్త తగిలినా ఫర్వాలేదు. పడమర కిటికీ అయితే పలుచని తెల్ల కర్టెన్ తప్పనిసరి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో. దక్షిణపు కిటికీలోకి చలికాలంలో ఎండ ఏటవాలుగా చాలా లోపలికి వస్తుంది, వేసవిలో దాదాపు రాదు. ఉత్తరం బాల్కనీలో ఎప్పుడూ నీడే అనుకుంటాం. కానీ హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు గోడకూ ఎండ తగులుతుంది. ఏడాదంతా బాగున్న మొక్క మే నెలలో మాడిందని ఉత్తరం బాల్కనీవాళ్లు వాపోతుంటారు, కారణం ఇదే. ఆ రెండున్నర నెలలూ రెండు అడుగులు లోపలికి జరిపితే సరిపోతుంది.

ఫోనులో వెలుతురు కొలిచే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. వాటి లెక్క కచ్చితంగా ఉండదు గానీ రెండు చోట్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది. పొద్దున పది, పదకొండు గంటలప్పుడు ఆకు ఉన్నచోట ఫోను పెట్టి చూడండి. నా అనుభవంలో 1,000 లక్స్ కన్నా తక్కువ చూపే చోట ఈ మొక్క ప్రాణం నిలుపుకుంటుంది తప్ప గుబురు కాదు. 3,000 నుంచి 10,000 మధ్య చూపే చోట బాగా పెరుగుతుంది. సరైన కిటికీ లేనివాళ్లు 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబును మొక్కకు అడుగు, అడుగున్నర పైన బిగించి రోజుకు పన్నెండు గంటలు వెలిగించండి. ప్రత్యేకమైన ఊదారంగు లైట్లు కొనక్కర్లేదు. పగటి వెలుతురు చొరబడని ఒక ఆఫీసు వరండాలో మామూలు ట్యూబులైటు కిందే ఇది ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉండటం నేను చూశాను.

సీలింగ్ ఫ్యాన్ రెక్కకు దగ్గరగా గానీ, ఏసీ గాలి నేరుగా తగిలేలా గానీ పెట్టకండి. ఆ చల్లని పొడిగాలికి కొత్త ఆకు విచ్చుకునే లోపే అంచులు ఎండిపోతాయి. ఏసీ ఉన్న గదిలో పెంచవచ్చు, గాలి నోటికి ఎదురుగా మాత్రం వద్దు.

ఇక నీళ్లు. రోజుకో గ్లాసు అనేది చాలా ఇళ్లలో వింటాను. ప్రేమతో చేసే పనే. కానీ ఈ జాతి మొక్కల వేళ్లకు నీళ్లతో పాటు గాలీ కావాలి. అడవిలో దీని వేళ్లు చాలావరకు చెట్టు బెరడును పట్టుకుని గాలిలోనే ఉంటాయి. కుండీ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు ఊపిరాడదు. తర్వాత వేరుకుళ్లు మొదలవుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి ఆకులు వాడతాయి. వాడిన ఆకును చూసి ఇంకో గ్లాసు పోస్తాం. చాలా మొక్కలు ఈ చక్రంలోనే పోతాయి.

వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోకండి. హైదరాబాద్ ఏప్రిల్‌లో మూడు రోజులకే ఆరే కుండీ ఆగస్టు ముసురులో పది రోజులైనా ఆరదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. లోపల చేతికి తడి తగలకపోతే నీళ్లు పోయండి, తగిలితే వదిలేయండి. కొన్నాళ్లకు కుండీ ఎత్తగానే బరువును బట్టి మీకే తెలిసిపోతుంది. పోసిన రోజు మాత్రం కుండీ అడుగు చిల్లుల్లోంచి నీళ్లు కారేదాకా పోయండి. రోజూ కొంచెం కొంచెం పోస్తే పైమట్టి బురదగా, అడుగు వేళ్లు ఎండిపోయి ఉండటం కూడా జరుగుతుంది.

మీ కుండీ అడుగున ఒకసారి చూడండి. వేలాడే ప్లాస్టిక్ కుండీలకు కింద ఒక పళ్లెం బిగించి వస్తుంది. అందులో నిలిచిన నీళ్లు బయటికి కనిపించవు, కుండీ అడుగు రోజంతా వాటిలో నానుతూ ఉంటుంది. నీళ్లు పోసేటప్పుడు ఆ పళ్లెం ఊడదీసి, కారడం ఆగాక తిరిగి పెట్టండి. పింగాణీ కుండీ అయి, అడుగున చిల్లు లేకపోతే దాన్ని పైతొడుగుగా మాత్రమే వాడండి. మొక్క చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలోనే ఉండాలి.

ఏ నీళ్లన్నదీ ముఖ్యమే. నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పూత కనిపిస్తే అది ఆ లవణాలే. ఆకు కొసలు గోధుమరంగుకు మారి పెళుసుబారడం దాని లక్షణం. నెలకొకసారి వాననీళ్లు గానీ, మంచినీళ్ల కుళాయి నీళ్లు గానీ ధారగా పోసి, మట్టిని కడిగినట్టు కిందికి కారనివ్వండి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, పట్టిపెట్టుకుని వాడుకోవచ్చు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం కుండీలకు పోయకండి. వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే. కానీ శుద్ధి అయిన నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. ఇల్లు తుడవడానికి వాడండి.

నీళ్లెంత జాగ్రత్తగా పోసినా మట్టి బాగోకపోతే ఫలితం ఉండదు. మన నర్సరీలకు ఇలాంటి మొక్కలు ఎక్కువగా తూర్పు గోదావరి జిల్లా కడియం వైపు నుంచి వస్తుంటాయి. దూరప్రయాణంలో మట్టి రాలకుండా జిగట మట్టిలో గట్టిగా అదిమి పంపుతారు. ప్రయాణానికి అది సరే. మీ ఇంట్లో ఆ మట్టిగడ్డ నీళ్లు పట్టుకుని వదలదు, లేదా ఒకసారి ఎండితే నీళ్లు తాగదు. చుట్టూ కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) పోసి మధ్యలో ఆ గడ్డ అలాగే ఉంచితే పైన తడి, లోపల పొడి, లేదా పైన పొడి, లోపల బురద. వేలు పెట్టి చూసినా అసలు సంగతి తెలియదు.

కాబట్టి కుండీలోంచి తీసి, వేళ్ల గడ్డను బకెట్ నీళ్లలో అరగంట నాననిచ్చి, చేతివేళ్లతో మెల్లగా కదుపుతూ ఆ మట్టిని సగానికి పైగా వదిలించండి. మెత్తబడి నల్లగా, వాసన వేస్తున్న వేళ్లను కత్తిరించండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచివి. కొత్త మిశ్రమానికి కోకోపీట్ రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, గరుకుగా ఉండేది ఏదైనా ఒక పాలు కలపండి. ఈ గరుకు పాలుకు పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలు కావచ్చు, కొబ్బరి డొక్క ముక్కలు కావచ్చు, సెనగగింజంత బొగ్గు ముక్కలు కావచ్చు. నేను బొగ్గు ముక్కలే వాడతాను, చవకగా దొరుకుతాయి, కుళ్లవు. కోకోపీట్ ఇటుకను నానబెట్టాక ఒకటి రెండుసార్లు మంచినీళ్లలో కడిగి పిండండి, కొన్నింటిలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి కోకోపీట్ తగ్గించి గరుకు పాలు పెంచుకోవాలి. కుండీ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుందనుకోకండి. వేళ్లు చేరని మట్టి తడిగానే ఉండిపోతుంది.

ఇప్పుడు కత్తెర. చాలామందికి చేతులు రానిది ఇక్కడే. ఇంత పొడవు పెరిగిన తీగను కోయడానికి మనసొప్పదు. కోస్తేనే మొక్క గుబురవుతుంది. తీగ కొసన ఉండే చిగురు ఒక హార్మోనును కిందికి పంపుతూ, కింది కణుపుల్లోని మొగ్గలను నిద్రలో ఉంచుతుంది. కొస తెగగానే ఆ అడ్డు తొలగి, కోసిన చోటికి కింద ఉన్న ఒకటో రెండో మొగ్గలు మేలుకుంటాయి. ఆకు లేని బోడి కాడ మీద కూడా కణుపు పచ్చగా, గట్టిగా ఉంటే చిగురు వస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా ఉన్నది, ముడుతలు పడి ఎండినది మాత్రం రాదు.

అన్ని తీగలూ ఒకేసారి కోయకండి. సగం తీగలను మట్టికి మూడు నాలుగు కణుపుల పైన కోయండి. మిగతావాటి ఆకులు మొక్కకు తిండి పెడుతుంటాయి. కోసినవి చిగిర్చాక రెండో సగం సంగతి చూడండి. తల్లితీగ మీద కణుపుకు కొంచెం పైన కోయాలి.

కోసిన తీగలను ముక్కలు చేయండి. ఒక్కో ముక్కకు రెండు కణుపులు, కనీసం ఒక ఆకు ఉండాలి. కింది కణుపుకు అర సెంటీమీటరు దిగువన కోసి, ఆ కణుపు దగ్గరి ఆకును తీసేయండి. కణుపు లేకుండా ఆకు, కాడ మాత్రమే నీళ్లలో పెడితే వేళ్లు రావచ్చు గానీ మొక్క ఎప్పటికీ రాదు, ఎందుకంటే మొగ్గ ఉండేది కణుపులోనే. ముక్కలను గాజుగ్లాసులో కింది కణుపు మునిగేలా, ఆకు బయట ఉండేలా నిలబెట్టి వెలుతురులో ఉంచండి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి. ఒకటి రెండు వారాల్లో తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. మూడు, నాలుగు సెంటీమీటర్లు రాగానే నాటేయండి. చాలా పొడవు పెరగనిస్తే నీటికి అలవాటుపడిన ఆ వేళ్లు మట్టిలో కుదురుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అయితే గ్లాసు కూడా అక్కర్లేదు. నేను నేరుగా కుండీలోనే గుచ్చుతాను, గాలిలో తేమ ఉంటుంది కాబట్టి చాలావరకు పట్టుకుంటాయి. నడి వేసవిలో, డిసెంబరు, జనవరి చలిలో ఈ పని పెట్టుకోకండి.

ఎనిమిది, పది ముక్కలను తల్లిమొక్క చుట్టూ ఖాళీల్లో నాటండి. మరో ఉపాయం ఉంది. కోయకుండా మిగిల్చిన తీగల్లో రెండింటిని మట్టి మీదే గుండ్రంగా చుట్టి, కణుపులు మట్టికి తగిలేలా జడపిన్నులతో గుచ్చండి. ప్రతి కణుపూ అక్కడే వేరు పట్టి చిగిరిస్తుంది. బోడిగా ఉన్న కుండీ నడినెత్తి నిండేది దీనితోనే. నాకు కత్తెర కన్నా ఈ పద్ధతి మీదే నమ్మకం ఎక్కువ. అమెరికాలో ఉండే మా బంధువు ఒకామెకు నడి చలికాలంలో ఇదే చెప్పాను. అక్కడ వెలుతురు తక్కువ, గది వేడిచేసే యంత్రంతో గాలి ఎండిపోయి ఉంటుంది. ఎండాకాలం వచ్చేదాకా కోయకుండా తీగలు చుట్టి ఉంచమన్నాను, చలిగాజుకు ఆకు తగలకుండా కిటికీ నుంచి కొంచెం ఇవతలకు జరపమన్నాను. వసంతంలో మట్టి మీది కణుపులన్నీ చిగిర్చాయి. ఈ మొక్క 13 డిగ్రీల కన్నా తక్కువ చలిని తట్టుకోలేదు కాబట్టి ఆదిలాబాద్ వైపు ఉండేవాళ్లు కూడా డిసెంబరులో బాల్కనీలో వదలకుండా లోపలికి తెచ్చుకోవాలి.

ఎరువు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వేళ్లు కుదురుకుని కొత్త ఆకులు వస్తున్నప్పుడు, లీటరు నీటికి అరగ్రాము 19:19:19 నీటిలో కరిగే ఎరువు, మూడు వారాలకోసారి. చలికాలంలో వద్దు. జబ్బుపడిన మొక్కకు అసలే వద్దు. కాఫీపొడి, టీపొడి, బియ్యం కడిగిన నీళ్లు పెరట్లో నేలలో ఉన్న మొక్కలకు హాని చేయవు, అక్కడ వానపాములు, సూక్ష్మజీవులు వాటిని సర్దుబాటు చేసుకుంటాయి. హాల్లో వేలాడే ఎనిమిది అంగుళాల కుండీలో అవి పులిసి, బూజుపట్టి, మట్టి మీద ముసిరే చిన్న నల్ల ఈగలను పిలుస్తాయి. ఆకుల మెరుపు కోసం పాలు, నూనె రాయమనే సలహా కూడా పాటించకండి. దుమ్ము అంటుకుంటుంది. తడిగుడ్డతో నెలకు రెండుసార్లు తుడిస్తే చాలు.

ఆకుల మీద నీళ్లు చిమ్మడం గురించి మీరు అడగలేదు కానీ చాలామంది చేస్తారు. చిమ్మిన నీళ్లతో గాలిలో తేమ కొద్ది నిమిషాలే పెరుగుతుంది. గాలి ఆడని చోట, సాయంత్రం పూట ఆకులు తడిసి ఉంటే బ్యాక్టీరియా మచ్చలు వస్తాయి. నీటితో నానినట్టు, పసుపు అంచుతో ఉన్న మచ్చ కనిపిస్తే ఆ ఆకును కోసి పారేయండి, కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. అయితే పొద్దున్నే ఆకు కొసన నీటిచుక్క వేలాడుతూ కనిపిస్తే కంగారు వద్దు. రాత్రి వేళ్లు పీల్చుకున్న అదనపు నీటిని ఆకు బయటికి నెట్టడం అది.

పురుగుల్లో ఎక్కువగా వచ్చేది పిండినల్లి. ఆకు కాడ తీగను కలిసే సందుల్లో తెల్లటి దూదిలా దాక్కుంటుంది. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కోదాన్నీ తుడవండి. తర్వాత లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల గిన్నెలు కడిగే ద్రవం కలిపి, ఎండ లేని వేళ ఆకుల అడుగున కూడా తడిసేలా వారానికోసారి మూడు నాలుగు వారాలు చల్లండి. ఒక్కసారితో ఊరుకుంటే గుడ్లు మిగిలిపోతాయి. వేసవిలో ఆకు అడుగున సన్నని సాలెగూడు, ఆకు మీద పాలిపోయిన చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి. ముందు కుళాయి కింద పెట్టి ఆకులను బలంగా కడగండి.

ఇంతకీ మీది ఫిలోడెండ్రానో, మనీప్లాంటో ఒకసారి చూసుకోండి. చాలా నర్సరీల్లో రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తారు. ఆకు కాడను పైనుంచి తడిమితే మనీప్లాంటుకు గాడి ఉంటుంది, ఆకు దళసరిగా ఉంటుంది. ఫిలోడెండ్రాన్ ఆకు పలుచగా, మెత్తగా ఉండి, కాడ దగ్గర లోతుగా చీలి నిజంగా హృదయాకారంలో ఉంటుంది. దాని కొత్త ఆకు పలుచని పొరలో చుట్టుకుని వస్తుంది, ఆ పొర తర్వాత ఎండి రాలుతుంది. నర్సరీలో ఆక్సీకార్డియం అని అడిగితే ఇస్తారు. మనీప్లాంటే అయినా పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

ఇంకోటి కొనాలనిపిస్తే, ఆకు మధ్యలో పసుపుపచ్చ చార ఉండే బ్రెజిల్ రకం బాగుంటుంది. దానికి వెలుతురు ఇంకా ఎక్కువ కావాలి. చార లేకుండా పచ్చటి ఆకులే వస్తుంటే, చార ఉన్న చివరి ఆకు దాకా వెనక్కి కోయాలి. పూర్తి పసుపు ఆకులే వస్తున్నా అదే పని చేయండి, పచ్చదనం లేని తీగ ఎక్కువకాలం బతకదు. ముఖమల్ లాంటి ఆకులుండే మైకాన్స్ అందంగా ఉంటుంది గానీ తడి ఆరకపోతే మామూలు దానికన్నా త్వరగా పాడవుతుంది. మొదటిదాన్ని నిలబెట్టుకున్నాక దాని జోలికి వెళ్లండి.

గాలి శుభ్రపడుతుందని కొన్నామంటారు చాలామంది. 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి ఆ మాట వచ్చింది. అందులో ఈ మొక్కా ఉంది. కానీ ఆ ప్రయోగాలు మూసిన చిన్న పెట్టెల్లో చేసినవి. అలాంటి ప్రయోగాల ఫలితాలన్నిటినీ లెక్కగట్టి 2019లో వచ్చిన ఒక సమీక్ష, మామూలుగా గాలి ఆడే ఇంట్లో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు, ఎక్కువైతే వెయ్యి దాకా కావాలని తేల్చింది. గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కను దాని అందం కోసం పెంచుకోండి.

కుండీని దించమన్నాను కాబట్టి బాబు విషయంలో ఈ జాగ్రత్త తప్పదు. ఫిలోడెండ్రాన్ మన చేమ, కంద కుటుంబానికి చెందినదే. పచ్చి కంద తరిగితే చేతులు, సరిగా ఉడకని చేమదుంప తింటే గొంతు ఎందుకు దురదపెడతాయో, ఈ మొక్క నమిలినా నోరు మండేది అందుకే. వీటన్నిటిలోనూ సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. ఆకు నమిలితే నోరు, నాలుక మండి, చొంగ కారుతుంది, కొంచెం వాచవచ్చు కూడా. సాధారణంగా ఆ మంటకే పిల్లలు ఉమ్మేస్తారు కాబట్టి ఎక్కువ మింగరు. నోట్లో మిగిలిన ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడిచి, చల్లటి నీళ్లు గానీ పాలు గానీ తాగించండి. వాపు పెరిగినా, మింగడానికి గానీ ఊపిరి తీసుకోవడానికి గానీ ఇబ్బంది పడుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లులు, కుక్కలు నమిలినా ఇదే బాధ పడతాయి. తీగలు కోసిన రోజు చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేతులతో కళ్లు నలుపుకోకండి. ముక్కలు వేళ్లూనుతున్న గాజుగ్లాసును టీపాయ్ మీద పెట్టకండి, వంటింటి కిటికీ గట్టు మీదైతే బాబుకు అందదు. రాలిన ఆకులను ఏ రోజుకా రోజు ఏరేయండి. కుండీ అంచు కిటికీ పైఅంచుకు దిగువన, తీగ కొసలు నేలకు నాలుగు అడుగుల పైన ఉండేలా చూసుకుంటూ, అంతకన్నా కిందికి దిగిన కొసనల్లా కోసి కుండీలోనే గుచ్చుతూ ఉండండి.